బొత్తాల డబ్బాలో బిళ్ళ

(హైదరాబాద్‌లో నాణేలు, పతకాలు సేకరించేవాళ్ళం ఆదివారాలు కలిసే సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం.

మనలో చాలామంది నాణేలతో మొదలుపెట్టారు. నేను బిళ్ళతో మొదలుపెట్టాను. పాత ఇత్తడి సామాను తూకానికి అమ్మే కొట్లో, చెంబులూ గరిటెల కింద దొరికింది. బిళ్ళ బంట్రోతు బిళ్ళ. ఇక్కడున్న పెద్దవాళ్ళకి ఆ మాట తెలుసు. భుజం మీంచి డవాలు అనే పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ, దాని మీద ఆఫీసు పేరు. ఆ బిళ్ళ ఇంట్లో తీసిపెట్టి బజారుకి వెళ్తే ఆయన మామూలు మనిషి. పెట్టుకుని వీధిలోకి వస్తే సర్కారు వచ్చినట్టే, జనం లేచి నిలబడేవాళ్ళు. రూపాయి బిళ్ళంత రేకు మనిషి మీద ఇంత పని చేస్తుందా అని నాకు అప్పటి నుంచీ ఆశ్చర్యం.

ఈ రోజు మాట్లాడబోయేది వేరే బిళ్ళ గురించి. పోయిన నెల మన సభ్యుల్లో ఒకాయన ఒకటి తెచ్చారు. ఆయన ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, అడిగే చెప్తున్నాను. హిట్లర్ పార్టీ సభ్యులు కోటుకి పెట్టుకున్న బ్యాడ్జి అని ఆన్‌లైన్‌లో కొన్నారట. చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్ళింది. "స్వస్తిక్ ఉంది చూడండి" అన్నారు కొందరు. "ఎంతకి కొన్నారు?" అన్నారు ఇంకొందరు. వెనక్కి తిప్పి చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అది నకిలీ అని నాకు వెంటనే తెలిసింది, కానీ ఆ రోజు నోరు విప్పలేదు. నకిలీ అని చెప్పి ఊరుకుంటే అసలు విషయం మిగిలిపోతుంది. అందుకే ఈ నెల నాకు గంటసేపు ఇమ్మని అడిగాను.

ముందు ఆ బిళ్ళ ఎలా ఉంటుందో చెప్తాను. సుమారు 23 మిల్లీమీటర్లు, దాదాపు మన కొత్త రెండు రూపాయల నాణెమంత. మధ్యలో తెల్లటి వృత్తం, అందులో మూలమీద నిలబెట్టిన నల్ల స్వస్తిక్. చుట్టూ ఎర్రటి పట్టీ, పట్టీ మీద లోహపు అక్షరాల్లో పార్టీ పేరు. వెనక పిన్ను, లేదా కోటు కాజాలో దూర్చే గుండీ. ఎడమవైపు కాలరు మడత మీద పెట్టుకునేవాళ్ళు. ఈ ఎడమవైపు అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికి వస్తాను.

స్వస్తిక్ గురించి ఒక్క మాట. మనం గృహప్రవేశానికి పసుపూ కుంకుమతో గుమ్మం మీద వేసేదే, కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీలో వేసేదే. 1870లలో ష్లీమన్ అనే జర్మన్ పరిశోధకుడు పురాతన నగరం ట్రాయ్‌లో చేసిన తవ్వకాల్లో ఆ గుర్తు ఉన్న వస్తువులు చాలా బయటపడ్డాక యూరప్‌లో దాని మీద మోజు పెరిగింది. జర్మన్ జాతివాదులు దాన్ని ఆర్యుల గుర్తుగా చేసుకున్నారు. 1920లో నాజీ పార్టీ జెండాకి ఎక్కించింది. వాళ్ళ భాషలో దాని పేరు హాకెన్‌క్రాయిట్స్, కొక్కేల శిలువ అని. మన గుమ్మం మీది గుర్తు చూసి సిగ్గుపడక్కర్లేదు. అలాగే "అది మనదే కదా" అని ఆ బిళ్ళని ముచ్చటగా చూడటం కూడా నాకు బాధగా ఉంటుంది. దాన్ని పెట్టుకున్నవాళ్ళకి మన గుమ్మంతో ఏ సంబంధమూ లేదు.

ఇక అంకెల సంగతి. ఈ పార్టీకి అంకెల పిచ్చి ఉండేది. 1919 జనవరిలో మ్యూనిక్‌లో చిన్న కార్మికుల పార్టీగా మొదలైంది. ఎక్కువమంది ఉన్నట్టు కనపడాలని సభ్యత్వ సంఖ్యలు 501 నుంచి వేశారు. ఆ ఏడాది చేరిన హిట్లర్‌కి వచ్చిన నంబరు 555. తర్వాత ఆయన తాను ఏడో సభ్యుణ్ణని చెప్పుకున్నాడు. 1923లో ప్రభుత్వం మీద హిట్లర్ చేసిన తిరుగుబాటు విఫలమై, పార్టీ నిషేధమై, 1925 ఫిబ్రవరి 27న మళ్ళీ పెట్టినప్పుడు అంకెలు మొదటి నుంచి వేశారు. ఈసారి ఒకటో నంబరు తనకే వేసుకున్నాడు.

1933 జనవరిలో అధికారం చేతికి వచ్చేనాటికి సభ్యులు సుమారు ఎనిమిదిన్నర లక్షలు. మే నెలకి 25 లక్షలు. మూడు నెలల్లో! గుమాస్తాలు, టీచర్లు, చిన్న వ్యాపారులు, ప్రొఫెసర్లు క్యూ కట్టారు. ఏప్రిల్ 7న వచ్చిన ఉద్యోగుల చట్టంతో యూదుల్నీ, రాజకీయంగా నచ్చనివాళ్ళనీ సర్కారు కొలువుల్లోంచి తీసేయడం మొదలైంది. పక్క కుర్చీ ఖాళీ అయినవాడికి భయమూ పుట్టింది, ఆశా పుట్టింది. మార్చి ఎన్నికల తర్వాత పరుగెత్తుకొచ్చి చేరినవాళ్ళని పాత నాజీలే "మార్చిలో కూలినవాళ్ళు" అని ఎగతాళి చేశారు. 1848 మార్చి విప్లవంలో చనిపోయినవాళ్ళని జర్మన్లు గౌరవంగా అనే మాటని ఇలా తిప్పారు. జనం తాకిడి తట్టుకోలేక పార్టీ 1933 మే 1 నుంచి తలుపులు మూసింది, కొద్దిమందికి తప్ప. మళ్ళీ తెరవడం మొదలుపెట్టింది 1937లో. అప్పుడు లక్షలమందిని 1937 మే 1 అనే ఒకే తేదీతో చేర్చుకుంది. ఈ తేదీ కూడా గుర్తుంచుకోండి. యుద్ధం ముగిసేనాటికి సభ్యులు 85 లక్షలు.

ఆ రోజుల్లో జనం వాడుకలో ఈ బిళ్ళ పేరు "బాన్‌బాన్", అంటే మన పిప్పరమెంటు బిళ్ళ. గుండ్రంగా, నున్నగా, ఎర్రగా ఉండేది కదా. నాకు ఆ పేరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. చప్పరించడానికి తియ్యగా ఉండేదన్నమాట.

మన సేకరణవాళ్ళకి పనికొచ్చే భాగం ఇప్పుడు చెప్తాను. పోయిన నెల బిళ్ళ ఇదిగో, నా ఎడమ చేతిలో ఉంది. కుడి చేతిలో ఉన్నది మన మీనా పని ఉన్న పాత వెండి పెండెంటు, మా అమ్మది. అసలు పార్టీ బిళ్ళ మా అమ్మ పెండెంటులా చేసేవాళ్ళు. రంగు గాజుపొడిని లోహపు గళ్ళలో నింపి కొలిమిలో కాలిస్తే గాజు కరిగి గట్టిపడుతుంది. తర్వాత సానపట్టి గాజూ లోహమూ ఒకే మట్టానికి తెస్తారు. మీదుగా గోరు పోనిస్తే ఎక్కడా తగలదు. పెదవికి ఆనిస్తే చల్లగా ఉంటుంది. దెబ్బ తగిలి పెచ్చు లేస్తే గాజు గ్లాసు అంచు విరిగినట్టు గవ్వ ఆకారంలో లేస్తుంది. ఇప్పుడు దీన్ని చూడండి. రంగు గళ్ళలోకి దిగి గుంటగా ఉంది. ఇది రెజిన్, ప్లాస్టిక్ లాంటిది. భూతద్దంలో చూస్తే చిన్న బుడగలు కనపడతాయి. ఇక్కడ ఒక మూల ఊడింది, ఎండిన పెయింటులా తొక్క లేచింది. ఒక్కసారి అందరూ దగ్గరికి వచ్చి చూడండి, తర్వాత కూర్చుందాం.

[కొద్ది విరామం]

ఇప్పుడు వెనక వైపు. తొలి రోజుల్లో బిళ్ళ వెనక "గెస్. గెష్." అనే పొడి అక్షరాలు ఉండేవి. చట్టప్రకారం రక్షణ ఉన్న డిజైన్ అని అర్థం. తర్వాత పార్టీ సామాను మొత్తాన్నీ అదుపు చేసే ఆఫీసు ఒకటి మ్యూనిక్‌లో పెట్టారు, పొట్టిపేరు ఆర్‌జెడ్‌ఎం. యూనిఫారం బొత్తాం దగ్గర్నుంచి కత్తి దాకా, దాని అనుమతి లేనిదే ఎవరూ తయారు చేయకూడదు. బిళ్ళల ఫ్యాక్టరీలకి ఎమ్1 అనే వర్గం, దాని తర్వాత ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో నంబరు. 1934 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా పార్టీ బిళ్ళలు చేసినా అమ్మినా జైలే. అంతకు ముందు ఏడాది మేలో ఇంకో చట్టం తెచ్చారు. స్వస్తిక్ మోజులో వ్యాపారులు దాన్ని చిల్లర వస్తువుల మీద కూడా వేసి అమ్మేస్తుంటే, గుర్తు పరువు పోతోందని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఆపించాడు.

ఎందుకు చెప్తున్నానంటే, నకిలీలు పట్టుబడేది ఎక్కువగా ఇక్కడే. ఫ్యాక్టరీ నంబరూ, ఆ ఫ్యాక్టరీ వాడిన పిన్నూ, అక్షరాల అచ్చూ ఒకదానికొకటి పొసగవు. మామూలు బిళ్ళలు లక్షల్లో చేశారు, అవి అరుదేమీ కాదు. నకిలీ చేసేవాడి కన్ను బంగారు బిళ్ళ మీద ఉంటుంది. అదే బిళ్ళ చుట్టూ బంగారు పూత వేసిన ఓక్ ఆకుల దండ ఉంటుంది. సభ్యత్వ సంఖ్య లక్ష లోపు ఉండి, 1925లో పార్టీ మళ్ళీ పెట్టాక చేరి మధ్యలో వదలని పాతవాళ్ళకి 1933 తర్వాత ఇచ్చారు. అలా అందుకున్నవాళ్ళు సుమారు 22,000 మంది. వాళ్ళ సభ్యత్వ నంబరు వెనక చెక్కేవాళ్ళు. వీళ్ళు కాక హిట్లర్ తనకి నచ్చినవాళ్ళకి తన పేరు పొడి అక్షరాలతో విడిగా ఇచ్చేవాడు.

ఈ బంగారు బిళ్ళ గురించి రెండు సంఘటనలు చెప్పాలి.

మొదటిది 1937 జనవరి 30. అధికారంలోకి వచ్చి నాలుగేళ్ళయిన సందర్భం. మంత్రివర్గ సమావేశంలో, పార్టీలో లేని మంత్రులకి హిట్లర్ తన చేత్తో బంగారు బిళ్ళలు పెడుతూ వస్తున్నాడు. ఆర్థికవేత్త షాఖ్ట్‌తో సహా మిగతావాళ్ళు తీసుకున్నారు. తపాలా, రవాణా శాఖలు చూసే పాల్ ఫాన్ ఎల్ట్స్-ర్యూబెనాఖ్ వంతు వచ్చింది. ఆయన నిష్ఠ గల కేథలిక్. చర్చిని పార్టీ వేధిస్తోందని చెప్పి, బిళ్ళ వద్దన్నాడు. హిట్లర్ ఎదురుగా నిలబడి. మంత్రి పదవి పోయింది. ఆయన మహానుభావుడని నేను అనను, నాలుగేళ్ళు ఆ మంత్రివర్గంలోనే కూర్చున్నాడు. కానీ "తీసుకోకుండా ఎలా కుదురుతుందండీ" అని ఎవరైనా అంటే నాకు మొదట ఈ సీనే గుర్తొస్తుంది.

రెండోది 1945 ఏప్రిల్ చివరి వారం. బెర్లిన్‌లో బంకర్. పైన సోవియట్ ఫిరంగులు. హిట్లర్ తన కోటుకున్న బంగారు బిళ్ళ తీసి గోబెల్స్ భార్య మాగ్డాకి పెట్టాడు. ఆవిడ పొంగిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకి, మే 1న, ఆ బంకర్‌లోనే ఆవిడ ఆరుగురు పిల్లల్ని విషంతో చంపించారు. పిల్లల గురించి ఇంతకంటే చెప్పలేను.

అన్నీ ఒకే రకం కథలు కావు. చైనాలోని నాన్జింగ్‌లో సీమెన్స్ కంపెనీ తరఫున పని చేసిన జర్మన్, జాన్ రాబే ఉన్నాడు. పార్టీ సభ్యుడే. 1937 డిసెంబరులో జపాన్ సైన్యం ఆ ఊరి మీద పడ్డప్పుడు, తన చేతికున్న స్వస్తిక్ పట్టీని చూపించి సైనికుల్ని వెనక్కి నెట్టాడు. ఆయన ముందుండి నడిపిన రక్షణ ప్రాంతంలో రెండు లక్షల పైచిలుకు చైనీయులు తలదాచుకున్నారు. అదే గుర్తు. ఆయన మేలు చేశాడని గుర్తు మంచిదైపోదు.

ఇందాక ఎడమవైపు గుర్తుపెట్టుకోమన్నాను. 1941 సెప్టెంబరులో జర్మనీలో యూదులందరూ, ఆరేళ్ళు నిండిన పిల్లలతో సహా, పసుపు నక్షత్రం కుట్టుకోవాలని హుకుం వచ్చింది. అరచేయంత గుడ్డ. ఎక్కడ కుట్టుకోవాలి? ఛాతీకి ఎడమవైపు. ఊడదీసే వీలు లేకుండా కుట్టాలి. వాటిని తయారు చేసింది బెర్లిన్‌లో ఒక జెండాల ఫ్యాక్టరీ. ట్రాములో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరికీ ఎడమవైపే ఉంది. ఒకడు ఇంటికి వెళ్ళి కోటు మార్చుకోగానే తీసి సొరుగులో పెడతాడు. రెండోవాడు తీస్తే ప్రాణం మీదికి వస్తుంది. వేలం కేటలాగుల్లో ఈ రెండూ పక్కపక్క పేజీల్లో కనపడ్డ రోజు నేను ఆ కేటలాగు మూసేశాను.

అమ్మకాల గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరో ధర ఎంత అని చీటీ పంపారు. ధర నేను చెప్పను. చట్టం చెప్తాను. జర్మనీలో ఆ గుర్తుని బహిరంగంగా చూపించడం నేరం, చదువుకీ పరిశోధనకీ కళకీ మినహాయింపు. అక్కడ పాత సామాన్ల సంతల్లో అమ్మేవాళ్ళు స్వస్తిక్ మీద చిన్న స్టిక్కరు అంటిస్తారు, నా కళ్ళతో చూశాను. ఫ్రాన్స్‌లో 2000లో కోర్టు యాహూ వేలం సైటు మీద తీర్పిచ్చింది, 2001 మొదట్లో ఆ కంపెనీ ఇలాంటి సరుకు మానేసింది. ఆస్ట్రేలియాలో 2024 జనవరి నుంచి అమ్మడమే నేరం. 2019 నవంబరులో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీతో సహా కొన్ని వస్తువుల్ని లెబనాన్‌లో పుట్టిన వ్యాపారి అబ్దల్లా చటీలా సుమారు ఆరు లక్షల యూరోలకి కొని, ఇజ్రాయెల్‌కి ఇచ్చేశాడు. నాజీల్ని ఆరాధించేవాళ్ళ చేతిలో పడకూడదని. నాకు ఆ పని చాలా నచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మామూలు బిళ్ళ వెనక పేరు ఉండదు. ఫ్యాక్టరీ నంబరే ఉంటుంది. ఎవరు పెట్టుకున్నారో అది చెప్పదు. 1945 వసంతంలో లక్షలమందికి ఇదే ధైర్యం. బిళ్ళని నదిలోకో, బావిలోకో, మరుగుదొడ్లోకో విసిరేశారు, పెరట్లో పాతిపెట్టారు. ఇప్పటికీ మెటల్ డిటెక్టర్‌తో తవ్వేవాళ్ళకి అక్కడ మట్టిలో దొరుకుతూనే ఉంటాయి. బిళ్ళ పోతే సాక్ష్యం పోయినట్టే కదా.

కానీ మ్యూనిక్‌లో పార్టీ ఆఫీసులో కార్డులు ఉన్నాయి. ప్రతి సభ్యుడికీ కార్డు. పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా, చేరిన తేదీ, నంబరు. చాలావాటి మీద ఫోటో. 1945 ఏప్రిల్‌లో, అమెరికా సైన్యం వచ్చేస్తోందని, వాటిని లారీలకెత్తి ఫ్రైమాన్ అనే శివారులో కాగితం మిల్లుకి పంపారు. గుజ్జు చేసెయ్యమని. సుమారు 50 టన్నులు. ఆ మిల్లు నడిపే హాన్స్ హూబర్ గుజ్జు చెయ్యలేదు. మిగతా చిత్తుకాగితాల కింద దాచి, అమెరికన్లకి కబురు పెట్టాడు. వాళ్ళు దాని విలువ తెలుసుకుని తీసుకెళ్ళేసరికి శరదృతువు వచ్చింది. కోటికి పైగా కార్డులు. ఒక్కో మనిషికి రెండు చోట్ల కార్డు ఉండేది కాబట్టి అన్ని. బెర్లిన్‌లో అమెరికన్ల కింద దశాబ్దాల పాటు ఉండి, 1994లో జర్మన్ జాతీయ ఆర్కైవ్స్‌కి చేరాయి.

మన భాషలో చెప్పాలంటే, చిత్తుకాగితాల వ్యాపారి ఒక దేశం జ్ఞాపకాన్ని కాపాడాడు. పాత పుస్తకాల కొట్లలో తాళపత్రాల కోసం వెతికే మనకి ఆ మనిషి విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

1966లో పశ్చిమ జర్మనీ చాన్సలర్ అయిన కీసింగర్ 1933లో చేరిన సభ్యుడు. 1968 నవంబరులో బెర్లిన్‌లో ఆయన పార్టీ మహాసభ వేదిక ఎక్కి బెయాటె క్లార్స్‌ఫెల్డ్ అనే యువతి ఆయన చెంప మీద కొట్టింది, "నాజీ" అని అరుస్తూ. అధ్యక్షుడైన వాల్టర్ షేల్ పేరూ, విదేశాంగ మంత్రి గెన్షర్ పేరూ కూడా కార్డుల్లో ఉన్నాయి. మాకు తెలియకుండా చేర్చారని చాలామంది అన్నారు. దరఖాస్తు మీద ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలన్నది పార్టీ నియమం.

చివరగా నా సొంత అనుభవం ఒకటి. ఉద్యోగం మీద నాలుగేళ్ళు స్టుట్‌గార్ట్ దగ్గర ఉన్నాను. మా ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దావిడ. నా చొక్కా బొత్తాం ఊడితే కుట్టి ఇస్తానని రేకు డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. రంగురంగుల బొత్తాలు. మధ్యలో ఎర్రటి అంచుతో ఒకటి దొర్లి నా వైపు వచ్చి పడింది. ఇద్దరం చూశాం. ఆవిడ వెంటనే చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపయ్యాక తీసింది. "మా నాన్నది" అంది.

వాళ్ళ నాన్న స్కూలు మాస్టారట. బలవంతంగా చేర్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళట, ఉద్యోగం పోతుందని, పిల్లలు చిన్నవాళ్ళని. ఎప్పుడు చేరారో తెలియదంది. చనిపోయినవాళ్ళ కార్డు నకలు కోసం ఆర్కైవ్స్‌కి రాయొచ్చని నేను చెప్పాను. చెప్పాక రాత్రంతా టెన్షన్, అనవసరంగా నోరు జారానేమోనని. వారం తర్వాత ఆవిడే ఉత్తరం రాసి, నా చేత పోస్టు చేయించింది.

కొన్ని నెలలకి జవాబు వచ్చింది. ఆవిడకి 1937 మే 1 గురించి నేను ముందే చెప్పి ఉన్నాను. ఆ ఏడాది అయితే ఇంట్లో చెప్పిన కథ కొంతవరకు సరిపోతుంది, టీచర్ల మీద ఒత్తిడి ఉన్న మాట నిజం. కవరు చింపి కాగితం నాకిచ్చింది, కళ్ళజోడు లేదని. కళ్ళజోడు మెడలోనే వేలాడుతోంది.

కార్డు మీద తేదీ 1932. హిట్లర్ ఇంకా అధికారంలోకి రాలేదు. అప్పటికి ఏ మాస్టారి ఉద్యోగమూ దీని వల్ల నిలబడదు. చదివి వినిపించాను. ఆవిడ ఒక్కటే అడిగింది, "ఫోటో ఉందా?" అని. ఉంది. నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూసింది.

తర్వాతి నెల ఇద్దరం ఊళ్ళో మునిసిపల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. బిళ్ళా, కార్డు నకలూ కలిపి ఇచ్చేసింది. విడివిడిగా పెట్టొద్దని, నాన్న పేరు రాసే పెట్టమని చెప్పింది. అక్కడి ఉద్యోగి డబ్బా కూడా తీసుకోబోయాడు, దొరికిన చోటు కదా అని.

"డబ్బా కాదు" అంది ఆవిడ. "బొత్తాలు మా అమ్మవి."

డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక నా చొక్కాకి బొత్తాం కుట్టింది.